మంచు మీద ట్రాక్ బండి: చలికాలపు సంరక్షణ, నడిపే తీరు

మంచు మీద నడిచే ట్రాక్ బండి తన బరువును పరిచి నిలబడుతుంది. ఆరు టన్నుల బండి నాలుగు టైర్ల మీద ఉంటే ఆ బరువంతా నాలుగు భోజనపు పళ్లేలంత చోట పడుతుంది. మెత్తటి మంచులో ఇరుసు దాకా దిగబడిపోతుంది. అదే బండికి 1.2 మీటర్ల వెడల్పున, నాలుగు మీటర్ల పొడవున నేలను తాకే రెండు ట్రాక్‌లు ఉంటే చదరపు సెంటీమీటరుకు పడేది 63 గ్రాముల లోపే. నిలబడిన మనిషి పాదాల కింద ఒత్తిడి దీనికి రెండు మూడు రెట్లు. అందుకే బండి సాఫీగా సాగిన చోటే డ్రైవరు దిగితే మోకాలి లోతు కూరుకుపోతాడు. తడి ఆరని వరి పొలంలోకి టైర్ల కోత మిషన్‌ను రానివ్వక చైన్ మిషన్‌నే పిలిపించే డెల్టా రైతుకు ఈ సూత్రం కొత్తది కాదు. బురద స్థానంలో మంచు ఉంది, అంతే. తేడా అంతా చలిలో ఉంది.

ఈ బండ్లు ప్రధానంగా రెండు రకాలు. ముందు రెండు స్కీలు, వెనక ఒకే ట్రాక్ ఉండి మోటార్‌సైకిల్ మీద కూర్చున్నట్టు నడిపేది స్నోమొబైల్. గుల్మార్గ్‌లో పర్యాటకులు ఎక్కేది ఇదే. మూసిన క్యాబిన్, రెండు వెడల్పాటి ట్రాక్‌లు, ముందు మంచు నెట్టే బ్లేడు ఉండేది స్నోక్యాట్. జర్మనీలో తయారయ్యే పిస్టెన్‌బుల్లీ ఈ రెండో రకానికి చెందింది. అంటార్కిటికాలోని భారత కేంద్రం మైత్రికి సరుకు ఎక్కువగా చేరేది ఇలాంటి బండ్ల వెనక కట్టిన స్లెడ్జిల మీద. ఓడ మంచు అరుగు అంచున సరుకు దింపుతుంది; అక్కడి నుంచి కేంద్రం దాదాపు 100 కిలోమీటర్లు. దారిలో బండి చెడితే కబురందుకుని వచ్చే మెకానిక్ ఉండడు. ఆ బృందంలోనే మెకానిక్ ఉండాలి, అతని పెట్టెలోనే విడిభాగం ఉండాలి. ఈ అధ్యాయం ఎక్కువగా స్నోక్యాట్ గురించే. స్నోమొబైల్ వేరుగా ప్రవర్తించే చోట ఆ మాట విడిగా వస్తుంది.

ముందుగా ఒంటబట్టాల్సిన సంగతి ఒకటుంది. ఈ బండ్లకు వచ్చే జబ్బుల్లో చాలావాటికి బీజం పడేది బండి ఆగి ఉన్న గంటల్లో. సాయంత్రం ట్రాక్‌లో వదిలేసిన మంచు, సగం ఖాళీగా ఉంచిన ట్యాంకు, తుఫాను ముందు మూయని బానెట్ సందు తమ ఫలితాన్ని మర్నాడు ఉదయం చూపిస్తాయి. కాబట్టి బాగా నడపడం ఎంత ముఖ్యమో, బాగా ఆపడం, ఓపికగా లేపడం అంతకంటే ముఖ్యం.

కింది భాగం: ట్రాక్, చక్రాలు, అడ్డకమ్మీలు

స్నోక్యాట్ ట్రాక్ అంటే రబ్బరు పట్టాలు, వాటికి అడ్డంగా బోల్టులతో బిగించిన ఉక్కు లేదా అల్యూమినియం కమ్మీలు. వెనకనున్న పళ్లచక్రం కమ్మీలను లాగుతుంది. ముందు చివర బిగింపు చక్రం ట్రాక్‌ను సాగదీసి ఉంచుతుంది. మధ్యలో ఉండే చక్రాలు బరువు మోస్తాయి. కెనడాలోని క్విబెక్‌కు చెందిన జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియర్ 1937లో పేటెంట్ పొందింది ఈ పళ్లచక్రం, రబ్బరు ట్రాక్‌ల జోడికే. అంతకుముందు మంచు బండ్లను వేధించిన లోహపు గొలుసుల బరువు, వాటి సందుల్లో మంచు గడ్డకట్టడం రబ్బరుతో చాలా తగ్గాయి. పూర్తిగా మాత్రం పోలేదు.

తెలుగులో ఆకాశం నుంచి కురిసేదీ మంచే, తెల్లవారుజామున గడ్డి మీద మెరిసేదీ మంచే, గ్లాసులో వేసే గడ్డా మంచుగడ్డే. బండి చూసుకునేవాడు మాత్రం వీటిని విడదీసి చూడాలి. మైనస్ 25 దగ్గర పొడిమంచు పిండిలా రాలిపోతుంది, ట్రాక్‌కు అంటదు. సున్నాకు దగ్గరలో ఉన్న తడిమంచు ముద్దలు ముద్దలుగా చక్రాల మధ్య కూరుకుంటుంది. అది రాత్రికి గడ్డకట్టిందంటే కాంక్రీటుతో సమానం. చలి తక్కువగా ఉన్న రోజే ట్రాక్‌కు ప్రమాదం ఎక్కువ. కొత్తవాళ్లు దీన్ని తలకిందులుగా అనుకుంటారు.

ట్రాక్ బిగువు రోజూ చూడాల్సినది. వదులుగా ఉంటే మలుపులోనో పక్కవాలులోనో సైకిల్ చైన్ పడినట్టు చక్రాల మీది నుంచి జారిపోతుంది. ఆరుబయట, గాలిలో దాన్ని తిరిగి ఎక్కించడం ఇద్దరు ముగ్గురికి సగం రోజు పని. మరీ బిగిస్తే బేరింగులు, పళ్లచక్రం అరుగుతాయి, రబ్బరు మీద భారం పడుతుంది. ఎంత వేలాడాలో ఆ బండి పుస్తకంలో ఉంటుంది. కొలత తీసేది లోపలి మంచంతా తీసేశాకే. చక్రాల చుట్టూ మంచు పేరుకుంటే ట్రాక్ దానంతటదే బిగుసుకుంటుంది. ఆ స్థితిలో కొలిచి 'బాగానే ఉంది' అనుకుంటే మంచు రాలిన మరుక్షణం అది వదులవుతుంది. 'బాగా బిగుసుంది' అని వదులు చేస్తే ఇంకా చెడ్డది.

కమ్మీల బోల్టులు కొత్తగా బిగించిన తర్వాత మొదటి కొన్ని గంటల నడకలో కాస్త సర్దుకుంటాయి, మళ్లీ బిగించాలి. ఆ తర్వాత రోజూ ఒకసారి చుట్టూ తిరిగి చూడటం చాలు. బోల్టు తల చుట్టూ తుప్పు రంగు చార కనబడితే అది కదులుతోందని అర్థం. వంగిన కమ్మీ, చిరిగిన పట్టా, చక్రపు రబ్బరులో లేచిన పొర ఉదయం దొరికితే చిన్న పని, దారిలో దొరికితే పెద్ద పని. రాతినేల మీద బండిని తిప్పకూడదు. మైత్రి ఉన్న షిర్మాకర్ ఒయాసిస్ మంచు లేని రాతి ప్రదేశం. అలాంటి చోట కొన్ని మీటర్లు తిప్పినా కమ్మీల అంచులు మొద్దుబారి, తర్వాత నున్నటి గట్టి నీలిమంచు మీద పట్టు దొరకదు.

గ్రీజు విషయంలో ఒక అలవాటు మార్చుకోవాలి. మెకానిక్ షెడ్డులో గ్రీజు పెట్టేది పని మొదలయ్యే ముందు. ఇక్కడ సాయంత్రం, బండి ఆగగానే పెట్టాలి. అప్పుడు బేరింగు వెచ్చగా ఉంటుంది, కొత్త గ్రీజు లోపలి దాకా వెళ్లి, చేరిన తడిని బయటికి నెడుతుంది. తెల్లారి చూస్తే గ్రీజు మైనంలా ఉంటుంది, తడి అప్పటికే గడ్డకట్టి ఉంటుంది. వాడేది కూడా అతిశీతలానికి చేసిన సింథటిక్ గ్రీజే కావాలి.

స్నోమొబైల్ ట్రాక్ ప్లాస్టిక్ పట్టీల మీద జారుతూ తిరుగుతుంది. ఆ పట్టీలకు నూనె అక్కర్లేదు. ట్రాక్ ఎగజిమ్మే మంచే తడి. చాలా స్నోమొబైళ్లలో ఇంజిన్ నీటిని చల్లబరిచేదీ ఆ ఎగజిమ్మిన మంచే. కాబట్టి చుట్టూ మైనస్ 20 ఉన్నా, వట్టి ఐసు మీద లేదా తారు రోడ్డు మీద కొంతసేపు నడిపితే పట్టీలు కరుగుతాయి, ఇంజిన్ కాగిపోతుంది. దారి పక్కన మెత్తటి మంచు దొరికిన చోటల్లా కాసేపు అందులోకి దించాలి.

చలి ద్రవాలను ఏం చేస్తుంది

డిసెంబరు ఉదయం కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టడం ప్రతి ఇంట్లో చూసేదే. డీజిల్‌లోనూ అదే జరుగుతుంది. డీజిల్‌లో సహజంగా మైనం ఉంటుంది. చలి పెరిగేకొద్దీ అది సన్నని పలుకులుగా విడిపోతుంది. డీజిల్ అంతా గడ్డకట్టక ముందే ఆ పలుకులు ఫిల్టరును మూసేస్తాయి. ఇంజిన్ లేచి, రెండు నిమిషాలు నడిచి, శక్తి తగ్గి ఆగిపోతుంది. ఫిల్టరులో ఉన్న కాస్త డీజిల్ అయిపోయిందన్నమాట. లడఖ్‌లో మామూలు డీజిల్‌తో ఏటా ఈ తంటాలు పడేవారు. 2019లో ఇండియన్ ఆయిల్ అక్కడి కోసం మైనస్ 33 డిగ్రీల దాకా పారే శీతాకాలపు డీజిల్‌ను విడుదల చేసింది. ధ్రువ ప్రాంతాల్లో విమాన ఇంధనం లాంటి కిరోసిన్ జాతి ఇంధనాలనే బండ్లకూ వాడతారు; జెట్ ఏ-1 గడ్డకట్టేది మైనస్ 47 దగ్గర. కిరోసిన్‌కు జిడ్డు తక్కువ. డీజిల్ జిడ్డుతోనే తడిసి అరగకుండా ఉండే ఇంజెక్షన్ పంపు దానితో త్వరగా అరుగుతుంది, అందుకే తయారీదారు ఒప్పుకున్న జిడ్డు మందు కలపాలి. చలికి గడ్డకట్టకుండా కలిపే మందు ఏదైనా సరే డీజిల్ పల్చగా ఉండగానే పోయాలి. మైనం పలుకులు కట్టాక పోస్తే అది వాటిని కరిగించదు.

ఇంధనంలో రెండో శత్రువు నీరు. సగం ఖాళీ ట్యాంకులో ఉన్న గాలి రాత్రి చల్లబడి, అందులోని తేమ గోడలకు పట్టి కిందికి జారుతుంది. ఉదయానికి పైపు వంపులో చిన్న ఐసు బిరడా సిద్ధం. దీనికి విరుగుడు సాయంత్రం ట్యాంకు నిండా పోయడం. నీటిని వేరుచేసే గిన్నెను కూడా బండి వెచ్చగా ఉండగానే వంచాలి. ఉదయం దాని మర తిప్పితే ఏమీ రాదు, మరే విరిగి చేతిలోకి వస్తుంది.

ఇంజిన్ ఆయిల్ డబ్బా మీద 'డబ్ల్యూ' ముందున్న అంకె చలికి సంబంధించినది. 15డబ్ల్యూ ఆయిల్ చలిలో ఇంజిన్ తిరగనిస్తుందా అన్న పరీక్ష మైనస్ 20 దగ్గర, 5డబ్ల్యూది మైనస్ 30 దగ్గర, 0డబ్ల్యూది మైనస్ 35 దగ్గర చేస్తారు. మన ఎండల్లో లారీలకు పోసే 15డబ్ల్యూ-40 మైనస్ 30లో బెల్లం పాకమే. స్టార్టరు దాన్ని తిప్పలేదు. ఎలాగో తిప్పినా మొదటి నిమిషంలో బేరింగులకు ఆయిలే అందదు. చలి ప్రాంతాల్లో 0డబ్ల్యూ సింథటిక్ ఆయిల్‌కు పెట్టే ఖర్చు ఇంజిన్ ఆయుష్షుకు పెట్టినదే.

కూలెంట్ దగ్గర ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. గ్లైకాల్ ఎక్కువ పోస్తే అంత మంచిదనుకుంటారు. సగం ఎథిలీన్ గ్లైకాల్, సగం నీరు కలిపితే దాదాపు మైనస్ 37 దాకా గడ్డకట్టదు. 60 శాతం గ్లైకాల్ అయితే మైనస్ 50 దాటుతుంది. నీరు కలపని గ్లైకాల్ మాత్రం మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది! రెండూ కలిసినప్పుడే ఒకదాన్నొకటి గడ్డకట్టనివ్వవు. పై నుంచి పోస్తూ పోతే నిష్పత్తి తెలియకుండా మారిపోతుంది కనుక చలికాలం ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి కొలిచే పరికరంతో చూసుకోవాలి.

లెడ్ యాసిడ్ బ్యాటరీ మైనస్ 18 దగ్గర తన సత్తాలో సుమారు సగమే ఇవ్వగలదు. సరిగ్గా అదే సమయంలో చిక్కబడ్డ ఆయిల్ వల్ల స్టార్టరు ఎక్కువ అడుగుతుంది. నిండా చార్జి ఉన్న బ్యాటరీలోని ఆమ్లం మైనస్ 60 దాకా గడ్డకట్టదు. చార్జి అయిపోయినది మైనస్ 10కి ముందే గడ్డకట్టగలదు. గడ్డకట్టి ఉబ్బిన బ్యాటరీకి మరో బండి నుంచి తీగలు కలిపి స్టార్టు చేయబోతే పేలుతుంది. దాన్ని విప్పి, వెచ్చటి చోట నిదానంగా కరగనిచ్చి, పగుళ్లు చూశాకే చార్జికి పెట్టాలి. వాడని రోజుల్లో బ్యాటరీని విప్పి లోపల ఉంచడం మేలు.

హైడ్రాలిక్ ఆయిల్‌ను చాలామంది మరచిపోతారు. ఇప్పటి స్నోక్యాట్‌లలో చాలావాటి ట్రాక్‌లను తిప్పేదే హైడ్రాలిక్ మోటార్లు. ఆయిల్ చిక్కగా ఉండగా పంపును వేగంగా తిప్పితే అది పీల్చుకోలేక, లోపల బుడగలు ఏర్పడి, అవి పగిలే దెబ్బకు లోహం గుంటలు పడుతుంది. చలిలో బిర్రబిగిసిన పైపు, గట్టిపడ్డ సీలు మొదటి ఒత్తిడికే కారతాయి.

ఉదయం

ఇంజిన్‌ను ముట్టుకునే ముందు బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేయాలి. రాత్రి మంచు తుఫాను వచ్చి ఉంటే బానెట్ తప్పక తెరవాలి. తుఫాను మంచు ముగ్గుపిండి కన్నా మెత్తగా ఉండి తాళం చెవి రంధ్రంలోంచి కూడా దూరుతుంది. ఫ్యాను రెక్కల చుట్టూ, బెల్టు మీద, గాలి ఫిల్టరులో చేరి గట్టిపడుతుంది. చూడకుండా స్టార్టు చేస్తే బెల్టు తెగుతుంది, లేదా ఫ్యాను రెక్క విరిగి రేడియేటర్‌లోకి పోతుంది. తీసిన మంచు ఇంజిన్ మీద కరిగే అవకాశం లేకుండా బ్రష్‌తో పూర్తిగా ఊడ్చేయాలి. పొగగొట్టం మూతి మూసుకుపోయిందేమో చూడాలి. కింద మంచు మీద ఆయిల్ మరకలుంటే ఎక్కడి నుంచి పడ్డాయో తేల్చాకే ముందుకు పోవాలి. తెల్లటి నేల మీద కారుడు దాక్కోలేదు. చలి దేశాల్లో మెకానిక్‌కు దొరికే సదుపాయం ఇదొక్కటే కావచ్చు.

మైనస్ 15 దాటితే ముందుగా వేడిచేయకుండా ఇంజిన్ తిప్పకపోవడమే మంచిది. కరెంటు ఉన్న చోట ఇంజిన్ బ్లాకులో, ఆయిల్ గిన్నె కింద ఉండే హీటర్లను కొన్ని గంటల ముందే పెడతారు. దారిలో అయితే బండి ఇంధనంతోనే మండి కూలెంట్‌ను వేడిచేసే చిన్న హీటరు ఉంటుంది. కాన్వాసు గుడ్డ కప్పి గొట్టంతో వేడిగాలి పంపడం పాత పద్ధతి, ఇప్పటికీ నమ్మకమైనది. ఆ పని జరిగేటప్పుడు ఒక మనిషి అక్కడే నిలబడాలి, పక్కన మంటలార్పే సిలిండరు ఉండాలి. అంటార్కిటికా చలికి గాలి పొడిబారి ఉంటుంది, కరిగిన నీరు దొరకదు. అక్కడ మంటను ఆపడం చాలా కష్టం. ఈథర్ స్ప్రేను గ్లో ప్లగ్గులున్న ఇంజిన్‌లో ఎప్పటికీ కొట్టకూడదు. వేడి ప్లగ్గు తాకగానే ఈథర్ పేలి, పిస్టన్‌ను పగలగొడుతుంది.

ఇంజిన్ లేచాక తొందర పనికిరాదు. తక్కువ వేగంలో పదీ పదిహేను నిమిషాలు, మరీ చలిగా ఉంటే ఇంకా ఎక్కువసేపు ఉంచి, బ్లేడును నెమ్మదిగా ఎత్తి దింపుతూ హైడ్రాలిక్ ఆయిల్‌ను అన్ని పైపుల్లోకి పంపాలి. తర్వాత ట్రాక్‌లు. రాత్రి నేలకు అంటుకున్న ట్రాక్‌ను ఒక్కసారిగా పీకితే కమ్మీ వంగుతుంది, పట్టా చిరుగుతుంది. ముందుకు కొద్దిగా, వెనక్కి కొద్దిగా, వేలెడు కదలికతో మొదలుపెట్టాలి. కదలకపోతే దిగి పారతో చెక్కాలి. సుత్తి వాడకపోవడం మంచిది: మైనస్ 30లో మామూలు ఉక్కు తన సాగే గుణం కోల్పోయి, ఎండలో వంగే దెబ్బకు అక్కడ పగులుతుంది. కొయ్య సుత్తి, ప్లాస్టిక్ పార చాలు. మొదటి అర కిలోమీటరు నడక వేగంతో పోతే చక్రాల బేరింగుల్లో గ్రీజు మెత్తబడుతుంది, ట్రాక్ రబ్బరు వంగడానికి అలవాటు పడుతుంది.

స్నోమొబైల్ ట్రాక్‌ను విడిపించడానికి వెనక భాగాన్ని ఎత్తి వదులుతారు. ట్రాక్‌ను గాలిలో తిప్పుతున్నప్పుడు వెనక ఎవరూ నిలబడకూడదు. అందులో ఇరుక్కున్న ఐసు ముక్క రాయిలా వచ్చి తగులుతుంది.

దారిలో

చలిలో ఇంజిన్ వేడెక్కిపోతుందని నమ్మడం కష్టం. రాబర్ట్ స్కాట్ దక్షిణ ధ్రువ యాత్రకు తీసుకెళ్లిన మోటారు స్లెడ్జిలు అది నేర్పాయి. మూడింటిలో ఒకటి 1911 జనవరిలో ఓడ నుంచి దింపుతుండగానే సముద్రపు మంచు పగిలి మునిగిపోయింది. మిగిలిన రెండూ అక్టోబరు చివర్లో బయలుదేరి వారం పది రోజుల్లోనే ఆగిపోయాయి. గాలితో చల్లబడే ఆ ఇంజిన్లు బరువు లాగలేక కాగిపోయేవి. చల్లబడటానికి ఆపితే ఈలోగా కార్బురేటరు చల్లబడి మళ్లీ లేచేవి కావు. ఇప్పటి బండికీ ఆ రెండు చివర్ల మధ్యే బతుకు. మెత్తటి మంచులో స్లెడ్జి లాగుతుంటే రేడియేటర్ తెర తెరవాలి, ఖాళీగా వాలు దిగుతుంటే మూయాలి. ఉష్ణోగ్రత ముల్లు మీద డ్రైవరు కన్ను ఎప్పుడూ ఉండాలి. ఊరికే నిలబెట్టి గంటల తరబడి ఇంజిన్ నడపడమూ మంచిది కాదు: అది చాలినంత వేడెక్కదు, కాలని ఇంధనం సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. తప్పనిసరైతే వేగం కాస్త పెంచి ఉంచాలి.

మలుపు వెడల్పుగా తిప్పాలి. ఒక ట్రాక్ ఆపి ఇంకోదాన్ని తిప్పితే బండి ఉన్నచోటే తిరుగుతుంది, కానీ ఆగిన ట్రాక్ కింద మంచు తవ్వుకుపోయి పక్క నుంచి లోపలికి కూరుకుంటుంది. ట్రాక్ జారేది ఎక్కువగా అప్పుడే. వాలును నిలువుగా ఎక్కి నిలువుగా దిగాలి. అడ్డంగా పోవాల్సి వస్తే పైవైపుకు కాస్త మళ్లించి పట్టాలి. గాలి చెక్కిన గట్టి మంచు గట్లను సాస్త్రుగి అంటారు. వాటిని దాటేటప్పుడు వేగం తగ్గించి, ఏటవాలుగా ఒక్కో ట్రాక్‌ను ఎక్కించాలి. సూటిగా గుద్దితే ముందు ఎగిరి ధబీమని పడుతుంది. బండికన్నా ముందు లోపలివాళ్ల నడుము పోతుంది, వెనక స్లెడ్జి కొక్కెం విరుగుతుంది.

కూరుకుపోయినప్పుడు ట్రాక్‌ను గిరగిరా తిప్పడం సహజంగా వచ్చే తప్పు. ప్రతి తిప్పుకూ బండి ఇంకాస్త దిగుతుంది, రాపిడికి మంచు కరిగి మళ్లీ గడ్డకట్టి నున్నబడుతుంది. తిరిగిన మొదటి క్షణంలోనే ఆపాలి. స్లెడ్జిని విప్పి, ముందు, పక్కల మంచు తవ్వి, తొక్కి గట్టిచేసి, వచ్చిన జాడలోనే వెనక్కి రావాలి. అప్పుడే తొక్కిన మంచును కొంతసేపు వదిలేస్తే రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడతాయి. ఈ ఓపిక ఉన్నవాడికి వించి అవసరం సగం తగ్గుతుంది.

ట్రాక్ ఒత్తిడి తక్కువ కదా అని మోసపోకూడని చోట్లు రెండు: సముద్రపు మంచు, హిమానీనద పగుళ్ల మీది మంచు వంతెన. ఈ రెండూ మోసేది బండి మొత్తం బరువు. సముద్రపు మంచు మీదికి పోయేముందు రంధ్రాలు తొలిచి మందం కొలవాలి. పగుళ్లున్న చోట రాడార్‌తో, పొడవాటి కడ్డీతో వెతికి, జెండాలు పాతిన దారి వదలకుండా పోవాలి. పగులును దాటక తప్పకపోతే దానికి నిలువుగానే దాటాలి. దాని వెంబడి నడిస్తే రెండు ట్రాక్‌లూ ఒకేసారి వంతెన మీద ఉంటాయి. వివియన్ ఫుక్స్ బృందం 1957 నవంబరు 24 నుంచి 1958 మార్చి 2 వరకు 99 రోజుల్లో అంటార్కిటికా ఖండాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు దాటింది. వాళ్ల టక్కర్ స్నోక్యాట్‌లు నాలుగు ట్రాక్‌లవి. వాటిలో ఒకటి పగులు మీద ముందొక వైపు, వెనకొక వైపు ఆని వేలాడింది. మిగిలిన బండ్లతో లాగి దాన్ని బయటికి తెచ్చారు. నాలుగు స్నోక్యాట్‌లూ అవతలి తీరం చేరాయి. ఒంటరి బండి పోకూడదన్న నియమానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. రెండు బండ్ల మధ్య ఒకే పగులులో రెండూ పడనంత దూరం ఉండాలి, ముందుదాని వెనకదీపం కనబడనంత దూరం ఉండకూడదు.

ఆకాశం, నేల ఒకే తెలుపులో కలిసిపోయి నీడలు మాయమైతే ఎదురుగా ఉన్న గుంత కూడా కనబడదు. జీపీఎస్ తెర దారి చూపుతుంది కానీ గుంతను చూపదు. అప్పుడు ఆగాలి. ఆగి, గాలి తగ్గేదాకా క్యాబిన్‌లోనే ఉండాలి. దూరం తక్కువే కదా అని దిగి నడిచిపోవడం మహా ప్రమాదం.

మనిషి

బండి ఎంత గాలి వీచినా గాలి ఉష్ణోగ్రత కన్నా చల్లబడదు, త్వరగా చల్లబడుతుంది అంతే. మనిషి చర్మానికి మాత్రం గాలి చలిని రెట్టింపు చేస్తుంది. వట్టి చేత్తో లోహం ముట్టుకుంటే తడి ఉన్న చర్మం అతుక్కుంటుంది. పలచటి లోపలి గ్లవుజు ఎప్పుడూ తీయకూడదు. ఇంధనం పోసేటప్పుడు మరీ జాగ్రత్త. మైనస్ 30 చలిలో శీతాకాలపు డీజిల్, పెట్రోలు ద్రవంగానే ఉంటాయి. అవి చేతి మీద ఒలికితే మైనస్ 30 నీళ్లు పోసినట్టే. నిమిషంలో చర్మం గడ్డకడుతుంది.

అన్నిటికన్నా నిశ్శబ్దంగా చంపేది కార్బన్ మోనాక్సైడ్. వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, మత్తు వచ్చేసరికి లేచి తలుపు తీసే శక్తి ఉండదు. 1990లో తొమ్మిదో భారత అంటార్కిటికా యాత్రలో శిబిరంలో నలుగురు ఈ వాయువుకే బలయ్యారు. ఆగిన బండిలో హీటరు, ఇంజిన్ నడుస్తుండగా నిద్రపోకూడదు. గాలిమంచు పొగగొట్టాన్ని మూసిందేమో గంటకోసారి దిగి చూడాలి, గాలికి ఎదురుగా ఉన్న కిటికీ కాకుండా రెండోవైపుది వేలెడు తెరిచి ఉంచాలి. హెచ్చరించే పరికరం క్యాబిన్‌లో తప్పనిసరి. దాని బ్యాటరీ కూడా చలికి నీరసపడుతుందని గుర్తుంచుకోవాలి. ప్రతి బండిలో ఆ బండిలోని మనుషులందరికీ స్లీపింగ్ బ్యాగు, స్టవ్వు, కొన్ని రోజుల తిండి, పార, తాడు, రేడియో ఉండాలి. అన్నీ వెనక స్లెడ్జిలో పెడితే స్లెడ్జి పగులులో పడ్డ రోజున ఏమీ మిగలదు.

సాయంత్రం

చివరి కొన్ని వందల మీటర్లు నెమ్మదిగా, శుభ్రమైన పొడిమంచు మీద నడపాలి. వేడెక్కిన చక్రాలకు అంటిన తడి ఆ పొడిలో రాలిపోతుంది. ఆపే చోట ముందుకు, వెనక్కి రెండు మూడుసార్లు కదిపితే ట్రాక్‌లోని మంచు చాలావరకు ఊడిపడుతుంది. మిగిలినది కడ్డీతో, పారతో తీయాలి. పళ్లచక్రం పళ్ల మధ్య, బిగింపు చక్రం వెనక, బేరింగు మూతల చుట్టూ చేయి పెట్టి చూడాలి. ఈ పనికి ఇద్దరుంటే పావుగంట పడుతుంది. ఆకలి, అలసట ఉన్న వేళ ఆ పావుగంటే ఎక్కువ అనిపిస్తుంది. కానీ అదే మంచును మర్నాడు తెల్లారి తీయాలంటే గంటన్నర, అదీ గడ్డకట్టిన చేతులతో.

బండి నిలిపేది గాలికి ముక్కు పెట్టి, ఇతర బండ్ల వెనక మంచు పోగయ్యే చోట కాకుండా. ట్రాక్‌ల కింద చెక్కపలకలు వేస్తే నేలకు అంటుకోవు. బ్లేడును కూడా పలక మీదే దింపాలి. గాలిలో వదిలేస్తే రాత్రంతా హైడ్రాలిక్ సీళ్ల మీద భారం. టర్బో ఉన్న ఇంజిన్‌ను ఆపే ముందు మూడు నుంచి ఐదు నిమిషాలు ఊరికే తిరగనివ్వాలి. ఇంజిన్ ఆపగానే, బండి వెచ్చగా ఉండగానే ఇంధనం నింపడం, నీటి గిన్నె వంచడం, గ్రీజు పెట్టడం పూర్తిచేయాలి. బానెట్ సందులకు, రేడియేటర్ ముందు, పొగగొట్టానికి కప్పులు వేయాలి. పొగగొట్టం కప్పుకు ఎర్ర గుడ్డ కట్టి దాని మరో కొసను స్టీరింగుకు వేలాడదీయడం మంచి అలవాటు. ఉదయం కప్పు తీయకుండా ఎవరూ ఇంజిన్ లేపరు.

గ్యారేజీ ఉన్న కేంద్రాల్లో ఒక చిక్కు ఉంది. చల్లటి బండిని వెచ్చటి షెడ్డులోకి తేగానే ఒళ్లంతా తేమ పడుతుంది, మంచు కరిగి వైర్ల కనెక్షన్లలోకి, బ్రేకుల్లోకి కారుతుంది. సగం కరిగిన స్థితిలో మళ్లీ బయటికి తీస్తే అంతా కొత్తగా గడ్డకడుతుంది. పూర్తిగా ఆరే దాకా ఉంచే తీరిక ఉంటేనే లోపలికి తేవాలి, లేకపోతే బయటే ఉంచి హీటరు పెట్టడం నయం.

రోజు పని లాగ్‌బుక్కు రాయడంతో ముగుస్తుంది. ఎన్ని గంటలు నడిచింది, ఎంత ఇంధనం తాగింది, ట్రాక్ ఎంత వేలాడుతోంది, ఏ బోల్టు బిగించారు, ఏ శబ్దం కొత్తగా వినబడింది అన్నవి పెన్సిలుతో రాయాలి. పెన్ను సిరా చలికి పారదు.